మూడో ల్యాపులో పెడల్ నేలను తాకింది: గోల్ఫ్ జీటీఐకి పెద్ద బ్రేకులు వేయించాలా?

తెల్లగోల్ఫ్ | ఆస్టిన్, టెక్సస్ | 2025 మార్చి 9

నిన్న నాకు జరిగింది రాస్తున్నాను. తెలిసినవాళ్లు దయచేసి సలహా చెప్పండి.

నా కారు 2015 గోల్ఫ్ జీటీఐ, ఆరు గేర్ల మాన్యువల్. పెద్ద బ్రేకులతో వచ్చే పర్ఫార్మెన్స్ ప్యాకేజీ లేని రకం కాబట్టి ముందు డిస్కులు 312 మి.మీ., వెనకవి 272 మి.మీ. కిందటి ఏడాది ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ చేయించాను. కొత్తలో 210 హార్స్‌పవర్ ఉన్న ఇంజను ఇప్పుడు 280 దాకా ఇస్తోంది. బ్రేకుల జోలికి మాత్రం వెళ్లలేదు. ప్యాడ్లు కంపెనీవే. బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో నాకే గుర్తు లేదు.

నిన్న ఇక్కడి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే రేస్ ట్రాక్‌లో మొదటిసారి నడిపాను. మొత్తం 5.5 కిలోమీటర్లు, 20 మలుపులు. పదకొండో మలుపు దాటాక దాదాపు కిలోమీటరు పొడవున తిన్నని దారి ఉంటుంది. దాని చివర, పన్నెండో మలుపు ముందు, 200 దాటిన వేగాన్ని ఒక్కసారిగా దించాలి. రెండో విడతలో మొదటి రెండు ల్యాపులు చక్కగా సాగాయి. మూడో ల్యాపులో అదే చోట బ్రేకు తొక్కితే పెడల్ తడి స్పాంజిలా మెత్తగా దిగిపోయి కార్పెట్‌ను తాకింది. వదిలి మళ్లీ తొక్కాను, మళ్లీ తొక్కాను. మూడోసారికి కొద్దిగా పట్టింది. గేర్లు దించుకుంటూ, మలుపు వదిలేసి, బయట ఉన్న ఖాళీ తారు మీదికి పోనిచ్చాను. దేనికీ తగల్లేదు. పక్క సీటులో ఉన్న శిక్షకుడు ఒక్క మాట కూడా అనకుండా పిట్స్ వైపు చెయ్యి చూపించారు.

ఒక షాపులో అడిగితే ఆరు పిస్టన్ల కాలిపర్లు (పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు), 355 మి.మీ. డిస్కులు ఉన్న కిట్ చూపించారు. బిగింపుతో కలిపి నాలుగు వేల డాలర్లు దాటుతుంది. డబ్బు ఎలాగో సర్దుకుంటాను. ఇది వేయిస్తే నిన్నటిది మళ్లీ జరగదని ఎవరైనా చెప్పగలరా? బ్రేకుల సంగతి తేలేదాకా ట్రాక్ వైపు వెళ్లనని ఇంట్లో మాట ఇచ్చాను.

ఆటోనగర్ మేస్త్రి | విజయవాడ | మార్చి 9

బాబూ, క్షేమంగా బయటపడ్డావు, సంతోషం. ముందు జబ్బేమిటో తెలుసుకో, మందు తర్వాత చూద్దాం.

బ్రేకు పనిచేయకపోవడం రెండు రకాలు. ప్యాడ్ మితిమీరి కాలితే పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. నీది రెండోది. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నలగదు, బుడగ నలుగుతుంది. నీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోయింది, పిస్టన్ దాకా చేరలేదు.

ఘాట్ దిగి వచ్చిన బండ్లలో ఈ జబ్బు ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ఏ బండి నిపిల్ (కాలిపర్ నుంచి ఆయిల్ తీసే చిన్న మర) విప్పినా పలచని కాఫీ రంగు ఆయిల్ వస్తుంది. నీ బండిలోనూ అదే ఉంటుంది. నాలుగు చక్రాలూ విప్పి ఆ ఆయిల్‌ను గాజు సీసాలోకి తీసి చూడు. ప్యాడ్లు లోపలి వైపు ఎంత మిగిలాయో, బయటి వైపు ఎంత మిగిలాయో వేరువేరుగా కొలువు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే గైడ్ పిన్నులు చేత్తో లాగితే వస్తున్నాయో లేదో చూడు. ఆ నాలుగు వేల డాలర్లు అప్పటిదాకా జేబులోనే ఉండనీ.

రాపిడి | పుణె | మార్చి 10

మేస్త్రి గారి రోగనిర్ధారణ సరైనది. నేను బ్రేకుల పరీక్షా విభాగంలో పనిచేస్తాను కాబట్టి దీని వెనక ఉన్న లెక్క కాస్త వివరంగా చెబుతాను. ఈ లెక్క ఒక్కసారి మనసుకు పడితే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

బ్రేకు కారు వేగాన్ని వేడిగా మారుస్తుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. మీతో కలిపి కారు 1,500 కిలోలు అనుకుందాం. గంటకు 100 కి.మీ. వేగం నుంచి ఆపితే 0.58 మెగాజౌళ్లు. 200 నుంచి 80కి దించితే 1.94 మెగాజౌళ్లు. అంటే పన్నెండో మలుపు దగ్గర మీరు తొక్కిన ఒక్క తొక్కు, ఊళ్లో 100 నుంచి మూడుసార్లు వరసగా ఆపిన దానికంటే ఎక్కువ. అందులో దాదాపు ముప్పాతిక భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. ఒక్కో ముందు డిస్కుకు 0.73 మెగాజౌళ్లు. 312 మి.మీ. డిస్కు సుమారు 8 కిలోలు ఉంటుంది. పోత ఇనుము వేడిని ఇముడ్చుకునే గుణాన్ని బట్టి చూస్తే ఆ ఒక్క బ్రేకుతో డిస్కు వేడి దాదాపు 200 డిగ్రీలు పెరుగుతుంది. అది చల్లారకముందే తర్వాతి మలుపు వస్తుంది. మూడు ల్యాపుల్లో ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి పిస్టన్‌కు, పిస్టన్ వెనక ఉన్న ఆయిల్‌కు చేరుతుంది. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ అంకెలతో చెబుతారు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుని 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. డాట్ 5.1 అయితే 260, 180. ట్రాక్ కోసం చేసే ఆయిల్ ఇంకా పైన ఉంటుంది. ఏటీఈ టైప్ 200 కొత్తగా ఉన్నప్పుడు 280, మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 అయితే 312. వీటిలో ఏదైనా మీకు ఒక పూట హోటల్ భోజనం ఖర్చుకే వస్తుంది.

డాట్ 5 అని సిలికాన్‌తో చేసినది ఒకటి ఉంది. 5.1కీ దానికీ పేరులోనే పోలిక, వాటిని కలపకూడదు. మీ కారులో అది పోయనే పోయకండి.

ఇక ఆరు పిస్టన్ల సంగతి. కారు ఎంత దూరంలో ఆగాలో చివరికి నిర్ణయించేది టైరు. ఇప్పుడున్న బ్రేకులతోనే, చల్లగా ఉన్నప్పుడు, 100 వేగంలో గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందా? పనిచేస్తే టైరు పట్టుకోగలిగినంత బలం మీ బ్రేకు ఇప్పటికే ఇస్తోందని అర్థం. పెద్ద కాలిపర్ పెట్టినా ఆ ఒక్క బ్రేకులో దూరం తగ్గదు. పదో బ్రేకు కూడా మొదటి బ్రేకులాగే ఉండాలంటే పెద్ద డిస్కు కావాలి. మీకు అది కావాలా వద్దా అన్నది ఆయిల్, ప్యాడ్లు మార్చి ఒకసారి నడిపాకే తెలుస్తుంది.

ఎర్రఆక్టేవియా | చెన్నై | మార్చి 10

రాపిడి గారి లెక్కతో నాకు గొడవ లేదు. కానీ "ముందు ఆయిల్, ప్యాడ్లు, చాలు" అనే మాట ప్రతి చర్చలోనూ మంత్రంలా వినిపిస్తుంది. దాన్ని నమ్మి నేను రెండేళ్లు నష్టపోయాను.

నాది 2017 ఆక్టేవియా వీఆర్‌ఎస్, 230 హార్స్‌పవర్. ఇరుంగట్టుకోట్టైలోని ట్రాక్‌కు ఏడాదికి ఐదారు సార్లు వెళ్తాను. 3.7 కిలోమీటర్ల ట్రాక్, ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మంచి ఆయిల్ పోశాను, ట్రాక్ ప్యాడ్లు వేశాను. పెడల్ ఎప్పుడూ దిగిపోలేదు, నిజమే. కానీ ప్యాడ్లు రెండు రోజుల ట్రాక్‌కు అరిగిపోయేవి. డిస్కు మీద వెంట్రుకవాసి పగుళ్లు వచ్చేవి, రెండు జతలు పారేశాను. అవన్నీ విదేశాల నుంచి తెప్పించినవే. చివరికి నాలుగు పిస్టన్ల కాలిపర్లు, పెద్ద డిస్కులు వేయించాక అదే రకం ప్యాడ్ ఎనిమిది రోజులు వచ్చింది. ముందే వేయించి ఉంటే ఖర్చు తక్కువయ్యేదని లెక్క వేసి చూసుకున్నాను.

కాబట్టి తెల్లగోల్ఫ్ గారూ, ఏడాదికి ఒక్కసారి వెళ్తారా, ఆరుసార్లు వెళ్తారా? ముందు అది తేల్చుకోండి.

రాపిడి | పుణె | మార్చి 10

ఒప్పుకుంటాను, మీరు చెప్పింది నిజమే. ప్యాడ్ మార్చితే వేడిని తట్టుకుంటుంది, అంతే. పుట్టే వేడి తగ్గదు. డిస్కు బరువు పెరిగితేనే అది ఎక్కే డిగ్రీలు తగ్గుతాయి. 340 మి.మీ. డిస్కు పదిన్నర కిలోలు ఉంటుందనుకుంటే, నేను చెప్పిన అదే బ్రేకుకు 200 బదులు 150 డిగ్రీలు పెరుగుతుంది. ల్యాపు తర్వాత ల్యాపు ఆ తేడా పేరుకుంటుంది.

నా అభ్యంతరమల్లా కాలిపర్ ఎంపిక గురించే. పిస్టన్ల సంఖ్య చూసి కొనకండి, వైశాల్యం చూసి కొనండి. ఉదాహరణకు 57 మి.మీ. వ్యాసం ఉన్న ఒకే పిస్టన్ వైశాల్యం సుమారు 25.5 చదరపు సెంటీమీటర్లు. నాలుగు పిస్టన్ల కాలిపర్‌లో ఒక వైపు 38, 42 మి.మీ. పిస్టన్లు ఉంటే రెండూ కలిపి 25.2. రెండూ దాదాపు సమానం, కాబట్టి పాత మాస్టర్ సిలిండర్‌తోనే (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది అదే) పెడల్ పాత ఎత్తులోనే పట్టుకుంటుంది. ఇది చూడకుండా ఆరు పెద్ద పిస్టన్లవి బిగిస్తే మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ నెట్టలేదు, పెడల్ లోతుకు పోతుంది. పైగా బ్రేకు బలం ముందుకు ఎక్కువగా ఒరిగి వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి. ముందు వెనక బ్రేకు బలాన్ని పంచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు కారులో ఉంటుంది కానీ, వెనకవాటి వాటా తగ్గించడమే దానికి తెలుసు, పెంచడం దాని చేతిలో లేదు. అప్పుడు పెద్ద కిట్ వేసి కూడా ఆగే దూరం పెరిగిన కార్లను నేను పరీక్షల్లో చూశాను.

మ్యూనిక్ మావయ్య | మ్యూనిక్ | మార్చి 11

ఇంతవరకు ఎవరూ చెప్పని విషయం ఒకటి. మీ జీటీఐలో పర్ఫార్మెన్స్ ప్యాకేజీ లేదంటున్నారు. ఆ ప్యాకేజీలో ముందు 340, వెనక 310 డిస్కులతో పాటు ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కూడా వస్తుంది. అది లేని కార్లలో ఎక్స్‌డీఎస్ అనే ఏర్పాటు ఆ పని చేస్తుంది. మలుపులో లోపలి ముందు చక్రం గిరగిరా తిరగకుండా ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేసి పట్టుకుంటుంది. అంటే మీరు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి ఉన్నప్పుడు కూడా ముందు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది, కాలుతూనే ఉంటుంది. 280 హార్స్‌పవర్ చేశారు కాబట్టి ఆ చక్రం ఇంకా ఎక్కువ తిరగబోతుంది, బ్రేకు ఇంకా ఎక్కువ పడుతుంది. మలుపు మధ్యలో తొందరపడి యాక్సిలరేటర్ తొక్కకుండా, చక్రం నిటారుగా అయ్యేదాకా ఓపిక పడితే ఆ వేడి చాలా తగ్గుతుంది. నూర్‌బుర్గ్‌రింగ్ పాత ట్రాక్ ఒక్క ల్యాపు 20.8 కిలోమీటర్లు. అక్కడ నాకు ఈ పాఠం ప్యాడ్ల వాసనతోనే తెలిసింది.

జర్మనీలో ఉన్న మనవాళ్ల కోసం కూడా రాస్తున్నాను. ఇక్కడ కిట్‌తో పాటు దాని ఆమోదపత్రం లేకపోతే కొనకండి. బిగించాక టూఫ్ (వాహనాల తనిఖీ సంస్థ) తనిఖీ చేయించి కారు పత్రాల్లో ఎక్కించాలి. అది లేకుండా రోడ్డెక్కితే కారు అనుమతే రద్దవుతుంది.

పోలోప్రియ | హైదరాబాద్ | మార్చి 11

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాది పోలో జీటీ టీఎస్ఐ, రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ ట్యూనింగ్) చేయించాను. వెనక డ్రమ్ములే. ఒక గ్యారేజీలో పాత కారు నుంచి తీసిన 312 మి.మీ. డిస్కులు, కాలిపర్లు తక్కువ ధరకు బిగిస్తామంటున్నారు. ట్రాక్‌కు వెళ్లను. శ్రీశైలం, అనంతగిరి వైపు వెళ్తుంటాను. వేయించుకోవచ్చా?

ఆటోనగర్ మేస్త్రి | విజయవాడ | మార్చి 11

వద్దమ్మా. మూడు కారణాలు చెబుతాను. నీ చక్రాలు 15 అంగుళాలవైతే 312 డిస్కు లోపల పట్టదు, చక్రాలూ మార్చాలి. ముందు అంత పెద్దవి పెట్టి వెనక డ్రమ్ములు వదిలేస్తే తూకం చెడుతుంది, రాపిడి గారు చెప్పింది అదే. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ప్రమాదంలో నలిగిన కారు నుంచి తీసిన కాలిపర్ లోపల ఏముందో బయటికి కనిపించదు. పైన ఎర్రరంగు కొత్తగా కొడతారు. విప్పితే పిస్టన్ మీద తుప్పు, రబ్బరు సీలు ఎండి పెళుసుగా ఉంటుంది. అటువంటిది ఒకటి పోయిన నెల నా దగ్గరికి వచ్చింది, పిస్టన్ వెనక్కి పోనే పోలేదు.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు, గట్టిగా ఒకసారి తొక్కి వేగం దించి వదిలేయి. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్పించు. కోస్తాలో అయితే ఇంకా ముందే, ఈ తేమకు రెండేళ్లు ఆగకూడదు. ప్యాడ్లు మంచి కంపెనీవి సీలు ఉన్న పెట్టెలో తీసుకో. ఎక్కడైనా నకిలీ సహిస్తాను కానీ ప్యాడ్లలో సహించలేను. రంపపుపొట్టు కాలినట్టు పొడిపొడిగా రాలిపోయే ప్యాడ్లు కూడా నా చేత్తో తీశాను.

నల్లకోటు | విశాఖపట్నం | మార్చి 12

చట్టం మాట కూడా చెప్పాలి. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అరిగినచోట అదే కొలతలో మంచి ప్యాడ్లు, ఆయిల్ వేసుకోవడం మరమ్మతు. కాలిపర్, డిస్కు కొలత మార్చడం వేరు. అటువంటిది చేయాలనుకుంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదం జరిగాక బీమావాళ్లు మొదట వెతికేది ఇటువంటి మార్పులనే.

ఎర్రఆక్టేవియా | చెన్నై | మార్చి 12

ఈ మాట నాకూ వర్తిస్తుంది. ట్రాక్ రోజులకు ముందు పెద్దవి బిగించి, తిరిగొచ్చాక కంపెనీవి బిగించేవాణ్ణి. ఒక ఆదివారం అంతా దానికే పోయేది. ఇప్పుడు ఆ కారు రోడ్డు మీదికి రానే రాదు, ట్రాక్‌కు లారీ మీద వెళ్తుంది.

తెల్లగోల్ఫ్ | ఆస్టిన్, టెక్సస్ | మార్చి 16

అందరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. శనివారం పొద్దున కారును జాకీల మీద ఎక్కించి నాలుగు చక్రాలూ విప్పాను.

ముందు ఎడమ కాలిపర్ నిపిల్‌కు సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి సీసాలోకి ఆయిల్ తీశాను. మా ఆవిడ పెడల్ తొక్కుతుంటే నేను నిపిల్ విప్పి బిగిస్తూ ఉన్నాను. మొదట వచ్చిన ఆయిల్ అచ్చంగా పలచని కాఫీ. అందులో ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి గొట్టంలో పైకి పాకుతూ వచ్చాయి. ఆ మూడో ల్యాపులో నా కాలి కింద ఉన్నవి ఇవేనా అని కాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ప్యాడ్లు. కుడివైపు లోపల 5 మి.మీ., బయట 5 మి.మీ. ఎడమవైపు బయట 6, లోపల 2 కూడా లేదు. పైన బూడిదరంగులో పెళుసుగా ఉంది, గోరుతో గీస్తే పొడి రాలింది. గైడ్ పిన్ను ఒకటి చేత్తో లాగితే రాలేదు, పానాతో తిప్పి తీయాల్సి వచ్చింది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు అంచు కాలి ముడుచుకుపోయింది. ఏడాది కిందట ఒక షాపులో బ్రేకులు చూపించాను, "అంతా బాగానే ఉంది" అని రాసి ఇచ్చారు. వాళ్లు చక్రం విప్పనే లేదని ఇప్పుడు అర్థమైంది. ఆ పిన్నుతో ఇన్నాళ్లు పిల్లను బడికి తీసుకువెళ్లాను.

ఆటోనగర్ మేస్త్రి | విజయవాడ | మార్చి 16

ఆ పిన్ను పట్టేయడం వల్ల లోపలి ప్యాడ్ ఒక్కటే పనిచేసింది. అది డిస్కును వదలకుండా రాసుకుంటూ ఉండిపోయింది. ఆయిల్ ఆ మూలే ముందు మరిగి ఉంటుంది. రెండు వైపులా పిన్నులు, వాటి రబ్బర్లు, పిస్టన్ సీళ్లు, తొడుగులు కొత్తవి వేయి. పిన్నుకు వేడికి కరగని సిలికాన్ గ్రీజు మాత్రమే పూయి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, మళ్లీ ఇదే గతి.

రాపిడి | పుణె | మార్చి 17

కొలతలు రాసినందుకు చాలా సంతోషం. కొత్త ప్యాడ్లు వేశాక వాటిని డిస్కుకు అలవాటు చేయడం మరవకండి. ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20 దాకా గట్టిగా, ఏబీఎస్ రాకుండా, ఎనిమిది పది సార్లు దించండి. పూర్తిగా ఆపకండి. తర్వాత పది నిమిషాలు బ్రేకు వాడకుండా నడిపి చల్లార్చండి. ఎర్రగా కాలిన ప్యాడ్ ఒకేచోట డిస్కుకు ఆని ఉంటే దాని పదార్థం అక్కడ అంటుకుపోతుంది. తర్వాత పెడల్ అదురుతుంది. "డిస్కు వంకరపోయింది" అని లేత్ పట్టించే డిస్కుల్లో చాలావాటి అసలు జబ్బు ఈ మచ్చలే. ట్రాక్ నుంచి వచ్చాక హ్యాండ్‌బ్రేకు వేయవద్దనేది కూడా ఇందుకే. గేరులో పెట్టి, చక్రానికి చెక్క అడ్డం పెట్టండి.

ట్రాక్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టదు. పొద్దున మొదటి సిగ్నల్ దగ్గర ఆ సంగతి గుర్తుంచుకోండి. కీచుమంటుంది, దుమ్ము చక్రానికి అంటుకుంటుంది. రోజూ బడికి తీసుకువెళ్లే కారు కాబట్టి ట్రాక్ ప్యాడ్లు ట్రాక్ రోజుకే వేసుకుని, తిరిగొచ్చాక తీసేయండి.

ఇంకొక్క పని చేయండి. డిస్కు అంచున వేడిని చూపే రంగులు పూయండి. ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. పెద్ద డిస్కు కావాలా వద్దా అని ఇక్కడ మేమంతా వాదించుకోవడం కంటే ఆ మూడు చుక్కలు చెప్పేది నమ్మండి.

తెల్లగోల్ఫ్ | ఆస్టిన్, టెక్సస్ | ఏప్రిల్ 27

నిన్న మళ్లీ అదే ట్రాక్. సీళ్లు, పిన్నులు కొత్తవి. ఆర్‌బీఎఫ్ 600 ఆయిల్, ముందు వెనక ట్రాక్ ప్యాడ్లు, రబ్బరు గొట్టాల స్థానంలో స్టీలు అల్లిక గొట్టాలు. ఇంట్లో ఈ చర్చ అంతా చదివి వినిపించాకే బయలుదేరాను.

విడతకు ఆరు ల్యాపులు, నాలుగు విడతలు. పెడల్ ఒక్కసారి కూడా మెత్తబడలేదు. పన్నెండో మలుపు దగ్గర మొదటి విడత అంతా భయంతో యాభై అడుగులు ముందే తొక్కాను. మధ్యాహ్నానికి శిక్షకుడు "ఇంకొంచెం ఆగి తొక్కు" అనే దాకా వచ్చింది. మ్యూనిక్ మావయ్య గారు చెప్పినట్టు మలుపు మధ్యలో కాలు ఆపుకున్నాను. ల్యాపు సమయం ఏమీ పెరగలేదు, పైగా కారు హాయిగా తిరిగింది.

ఇక చుక్కలు. ఆకుపచ్చ తెల్లబడిపోయింది. నారింజ కూడా పోయింది. ఎరుపు ఒక్కటే చెక్కుచెదరలేదు. కొత్త ముందు డిస్కు మీద వేలిగోరుకు తగలనంత సన్నని పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి.

రాపిడి | పుణె | ఏప్రిల్ 27

అంటే 560కి, 610కి మధ్య. 312 డిస్కు తన హద్దు అంచుకు చేరింది. మీరు ఇంకా వేగం పెంచుకుంటారు కాబట్టి ఇప్పుడు పెద్ద డిస్కు అడగడం న్యాయమే. పగుళ్లు అంచు దాకా పాకినా, గోరుకు తగిలినా ఆ డిస్కుతో ఇంక ఒక్క ల్యాపు కూడా వద్దు.

ఎర్రఆక్టేవియా | చెన్నై | ఏప్రిల్ 28

ఇప్పుడు నా మాట. ఆ నాలుగు వేల డాలర్ల కిట్ వదిలేయండి. మీ కారుకే పర్ఫార్మెన్స్ ప్యాకేజీలో వచ్చే 340 డిస్కులు, వాటి కాలిపర్లు వెతకండి. నకిల్ (చక్రాన్ని, కాలిపర్‌ను మోసే భాగం) మార్చకుండానే బిగుసుకుంటాయి. డిస్కు వెనక ఉండే రేకు మాత్రం మార్చాలి, లేదా అంచు కత్తిరించాలి. వెనకవి కూడా 310 వేస్తే తూకం కంపెనీ ఉద్దేశించినట్టే ఉంటుంది. ఆ కొలత 17 అంగుళాల చక్రాల్లో పడుతుంది, కానీ మీవి బయటి కంపెనీ చక్రాలైతే అట్టముక్కతో కాలిపర్ ఆకారం కత్తిరించి ముందు లోపల పెట్టి చూసుకోండి. నేను అది చేయక, కొన్న చక్రాలు తిరిగి ఇచ్చాను.

డిస్కుకు చిల్లులు ఉన్నవి కొనకండి. ట్రాక్ మీద పగుళ్లు ఆ చిల్లుల దగ్గరే మొదలవుతాయి. గాడులు ఉన్నవి, లేదా సాదావి చాలు.

తెల్లగోల్ఫ్ | ఆస్టిన్, టెక్సస్ | జూన్ 15

చివరి సమాచారం. ముందు 340, వెనక 310 వేశాను. కాలిపర్లు వాడినవే దొరికాయి. మేస్త్రి గారి మాట గుర్తుపెట్టుకుని నాలుగూ విప్పి, పిస్టన్లు చూసి, సీళ్లు మార్చాకే బిగించాను. డిస్కులు, ప్యాడ్లు కొత్తవి. మొత్తం ఖర్చు ఆ కిట్‌లో మూడో వంతు దాటలేదు. బోల్టులన్నీ టార్క్ పానాతో కంపెనీ చెప్పిన కొలతకే బిగించాను, చక్రాల బోల్టులు 120 న్యూటన్ మీటర్లు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూశాను.

నిన్నటి ట్రాక్ ఎండ 36 డిగ్రీలు. ఆకుపచ్చ చుక్క పోయింది, నారింజ అలాగే ఉంది. ప్యాడ్లు రెండు వైపులా లోపల బయట ఒకే మందం, తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. ఫొటోలు పెడుతున్నాను.

ఆటోనగర్ మేస్త్రి | విజయవాడ | జూన్ 15

ఆ ప్యాడ్ల ఫొటో చూసి కడుపు నిండింది బాబూ. ట్రాక్‌కు వెళ్లిన ప్రతిసారీ ముందు ఆ నిపిల్ దగ్గర కొంచెం ఆయిల్ తీసి చూస్తూ ఉండు.

పోలోప్రియ | హైదరాబాద్ | జూన్ 16

మే నెలలో గోల్ఫ్ జీటీఐ మన దేశంలోకి కూడా వచ్చింది కదా, 265 హార్స్‌పవర్, దాదాపు 53 లక్షలు. మా ఆఫీసులో ఒకరు బుక్ చేశారు. ఈ చర్చ మొత్తం వారికి పంపాను.

నా పోలోకు పెద్ద డిస్కుల ఆలోచన మానుకున్నాను. కానీ కొని ఐదేళ్లయింది, బ్రేక్ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. వచ్చే ఆదివారం విజయవాడలో మా పిన్ని ఇంటికి వస్తున్నాను. మేస్త్రి గారూ, మీరు చేసిపెడతారా?

ఆటోనగర్ మేస్త్రి | విజయవాడ | జూన్ 16

రామ్మా. తొమ్మిదికల్లా వచ్చేయి, ఎండ ముదరక ముందే అయిపోతుంది. ఆయిల్ లీటరు డబ్బా తెచ్చుకో, డాట్ 4 అని రాసి ఉండాలి. సీలు మాత్రం నా ముందే విప్పాలి.